ఆకు గుర్తు: వెనక వరుస డబ్బాలు

కథ ఇక్కడిదాకా వచ్చింది. జీడిమెట్లలో 'నిర్ఝరి' పేరుతో నేల తుడిచే ద్రవం తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ప్రవళిక కెమిస్టు. నీటికీ మట్టికీ హాని చెయ్యని సరుకుకు ఒక సంస్థ ఇచ్చే ఆకు గుర్తు కోసం ఆ ఫ్యాక్టరీ దరఖాస్తు పెట్టుకుంది. చట్టం అడగని గుర్తు అది. ఇష్టమున్నవాళ్ళు తామే వెళ్ళి తెచ్చుకునేది. అయితే హైటెక్ సిటీలోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ క్యాంపస్ వాళ్ళు, ఆ గుర్తు లేని సరుకును దీపావళి నుంచి గేటు దాటనివ్వమని చెప్పేసరికి యజమాని సోమేశ్వరరావుకు అది ప్రాణావసరమైంది. కాగితాల పరీక్ష, ల్యాబు పరీక్ష గట్టెక్కాయి. ఇక మిగిలింది ఆఖరిది. పరీక్షకురాలు స్వయంగా వచ్చి, సరుకు వాడుతున్న చోటినుంచే నమూనా తీసుకోవాలి. సకల జనుల సమ్మె వల్ల వాయిదాల మీద వాయిదాలు పడిన ఆ రాక ఖాయమైన రోజు పొద్దున్నే ప్రవళికకు ఫోన్ వచ్చింది. చేసింది ఆ క్యాంపస్‌లో హౌస్‌కీపింగ్ పనిచేసే మేనత్త కనకలక్ష్మి. "బిడ్డా, మీ కొత్త డబ్బా మూత తీస్తే కండ్లల్ల మంటలు లేస్తున్నయ్. ఏం కలిపిన్రే గిందుల?"

 "దాన్ని ముట్టకు అత్తా, నేనొస్తున్న" అని ప్రవళిక బాచుపల్లిలో ఇంటి ముందున్న స్కూటీ తీసింది. అమ్మ టిఫిన్ తిని పొమ్మని గుమ్మంలోంచి కేకేసింది. ఆ కేక వీధి మలుపుదాకా వెంటబడి వచ్చింది.

నిర్ఝరి మూత తీస్తే కళ్ళు మండవు, మండకూడదు. కొబ్బరి నూనె నుంచి తీసిన బేస్‌తో చేసే ద్రవం అది. ఆ పాళ్ళు కుదిరేదాకా ఎన్ని గిన్నెలు పారబోసిందో, ఎన్ని రోజులు చేతులు నానిపోయి తెల్లబడ్డాయో ఆమెకే తెలుసు. ఫ్యాక్టరీ మొత్తంలో అలా కళ్ళు మండించగలిగేది ఒక్కటే ఉంది. దాన్ని అందరూ ఎన్పీ అంటారు. పాత రోజుల్లో వాడిన సరుకు. చవక, నురగ బోలెడు. కానీ కాలువలో పడ్డాక తొందరగా విరిగిపోదు. చెరువుకు చేరి చేపల గుడ్లను చెరుపుతుంది. ఆకు గుర్తు కావాలనుకున్న రోజున మొట్టమొదట వదులుకుంటామని రాసిచ్చింది దాన్నే. మిగిలిపోయిన డ్రమ్ములు వెనక షెడ్డులో ఉండేవి. వాటిని వాపసు పంపేశానని ప్లాంట్ ఇన్‌చార్జి ఓంకార్ చెప్పాడు.

నిజంగా పంపాడా?

మియాపూర్ దగ్గర ఆగి ఓంకార్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. హఫీజ్‌పేట దాటాక మళ్ళీ చేసింది. ఎత్తలేదు. సోమేశ్వరరావుకు చెయ్యడానికి ధైర్యం చాలలేదు. ఏమని చెప్పాలి? అత్త కళ్ళు మండాయనా? జలుబు చేసినా మండుతాయి కదా అంటాడు. మనసు ఒకచోట నిలవలేదు. బ్రేకు వెయ్యాల్సినచోట హారన్ కొట్టింది, హారన్ కొట్టాల్సినచోట బ్రేకు వేసింది.

బస్సులు బంద్. సింగరేణిలో బొగ్గు ఆగి కరెంటు లేక సిగ్నళ్ళు చచ్చిపడి ఉన్నాయి. కొత్తగూడ చౌరస్తా వచ్చేసరికి దారే మూసుకుపోయింది. రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. మెడలో ఐడీ కార్డులు వేలాడుతున్న సాఫ్ట్‌వేర్ పిల్లలూ, డ్రైవర్లూ, సెక్యూరిటీ గార్డులూ ఒకే వరుసలో తారు మీద కూర్చుని విస్తళ్ళు పరుచుకుంటున్నారు. "జై తెలంగాణ" అని ఒకవైపు నుంచి కేక లేస్తే ఇంకోవైపు నుంచి బదులొస్తోంది. మామూలు రోజైతే ప్రవళిక కూడా స్కూటీ పక్కన పెట్టి ఒక విస్తరి ముందు కూర్చునేది. పోయిన వారం మియాపూర్‌లో కూర్చుంది కూడా.

ఆ పొగలో, గోనెపట్టాతో గుండిగ మూత పైకెత్తుతూ ఓంకార్ కనిపించాడు.

"ఓంకారన్నా!"

అతను తలతిప్పి చూసి నవ్వాడు. నలభై దాటిన మనిషి, మెదక్ దిక్కు నుంచి బతకడానికొచ్చి ఆ ఫ్యాక్టరీలోనే కూలీగా చేరి ఇన్‌చార్జి అయినవాడు. ప్రవళిక ఉద్యోగంలో చేరిన రోజు, ఆడపిల్ల కెమిస్టేందని గునిసినవాళ్ళ నోళ్ళు మూయించింది అతనే. "రా చెల్లె, మంచి యాళ్ళకొచ్చినవ్. రెండు బుక్కలు తిని పో."

"అన్నా, ఎన్పీ డ్రమ్ములు ఏడున్నయ్?"

నవ్వు పెదాల మీదే ఉంది, కళ్ళలోంచి పోయింది. గోనెపట్టా పక్కవాడి చేతికిచ్చి, మూసి ఉన్న సెల్‌ఫోన్ షాపు మెట్ల దగ్గరికి నడిచాడు. ఆమె వెంట వెళ్ళింది.

"పంపించిన అని చెప్పిన గదా."

"మా అత్త కండ్లు మండుతున్నయన్నా. గోపన్‌పల్లి నుంచి సగం దూరం నడుచుకుంట పనికొచ్చింది. వచ్చి డబ్బా తీస్తే గిదీ సంగతి. నాకు జర నిజం చెప్పు."

ఓంకార్ గుండిగల వైపు చూశాడు. వెనక అన్నం గంజి వారుస్తున్నారు. తెల్లటి ఆవిరి వాళ్ళిద్దరి మధ్యనుంచి పోయింది.

"కలిపిన" అన్నాడు.

మళ్ళీ అబద్ధమే చెబుతాడనుకుంది. దాన్ని ఎలా పట్టుకోవాలా అని దారిపొడుగునా ఆలోచించుకుంటూ వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆమె మెట్టు మీద చతికిలబడింది.

"ఎందుకన్నా?"

"బేస్ మోసుకొచ్చే లారీ బార్డర్ల ఆగిపోయింది. కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వది. సార్ నన్ను పిలిచి ఏమన్నడో ఎర్కనా? 'ఓంకార్, ఫ్యాక్టరీ మూసేద్దాం. మీ తెలంగాణ వచ్చాక తెరుచుకుందాం' అన్నడు. నవ్వుకుంట అన్నడు. మూస్తే మనోళ్ళు ఆయన్ని తిడుతరా? తిట్టరు. గేటు కాడ సమ్మె జెండా కట్టిన నన్ను తిడుతరు. మన కాడ డబ్బాలు నింపే నర్సమ్మ పొయ్యి, ఓదెలు పొయ్యి ఆర్పి, నేనీడ రోడ్డు మీద పొయ్యి ఎట్ల ముట్టియ్యాలె చెప్పు?"

 అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్కనూ ప్రవళిక కొట్టిపారెయ్యలేకపోయింది. కొట్టిపారెయ్యలేకపోవడమే ఆమెకు కోపం తెప్పించింది.

"నాకొక్క మాట చెప్పక పోతివి. ఇద్దరం కలిసి ఏదో ఒకటి చూస్తుంటిమి గదా."

"చెప్తే ఒప్పుకుంటుంటివా?"

"ఒప్పుకోకపోతుంటి."

"మరి?"

"అన్నా, ఆ గుర్తు మనల్ని ఎవరన్న మెడల మీద కూసొని అడిగిన్రా? మనంతట మనమే పోయి మాటిచ్చినం, నీళ్ళు ఖరాబు చెయ్యమని. అడిగితే ఇచ్చిన మాట తప్పినోడు వేరు. అడగకుండ ఇచ్చి తప్పినోన్ని ఏమనాలె?" ఆమె లేచి నిలబడింది. "మన లొల్లిల మొదటి మాట ఏందన్నా? నీళ్ళు. నిధులు, నియామకాలు దాని తర్వాతనే. నువ్వు ఆ నీళ్ళల్లనే కలిపినవ్."

ఓంకార్ ముఖం ఎవరో చెంపమీద కొట్టినట్టు అయింది. అటువైపు నుంచి ఎవరో "అన్నా, పప్పుల ఉప్పు చూడు రాయే" అని పిలిచారు. అతను వినిపించుకోలేదు.

"పరీక్షకు వచ్చే మేడంకు చెప్తవా?"

"తెల్వదన్నా."

"చెప్తే నా కొలువు పోతది, పోనీ. దానికి నాకు ఫికర్ లేదు. కని సార్ ఊకోడు చెల్లె. సమ్మెగాళ్ళు సరుకుల విషం కలిపిన్రని టీవీల దాంక పోతడు. నా ఒక్కని తప్పు ఈడ కూసున్న అందరి మీద పడ్తది." అతని గొంతులో బతిమాలడం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాడంతే. "డ్రమ్ములు పంపుదామని నేను సార్‌కు చెప్పిన, 'ఉండనీ, చూద్దాం' అన్నడు. ఉండె కాబట్టే చెయ్యి వాటి మీదికి పోయింది. గంతే."

ఆమె స్కూటీ దగ్గరికి నడిచింది. ఓంకార్ ముందుకొచ్చి జనాన్ని రెండు చేతులతో పక్కకు జరిపాడు. "దారియ్యున్రి, చెల్లెకు దవాఖాన్ల పనున్నది!" అని అరిచాడు. ఆమె అడగలేదు. అడగకపోయినా ఆమె కోసం అబద్ధమాడి దారిచ్చాడు. ఆ సంగతి క్యాంపస్ గేటు దాకా ఆమెను ముల్లులా పొడుస్తూనే ఉంది.

గేటు లోపల లోకం వేరు. జనరేటర్ల పుణ్యమా అని అద్దాల లాబీ చల్లగా మెరుస్తోంది. బయట పచ్చిక పక్కన సోమేశ్వరరావు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తెనాలి నుంచి జీడిమెట్ల వచ్చి, అద్దె షెడ్డులో తనే డబ్బాలు నింపుకుని, తనే సైకిల్ మీద అమ్ముకుని పైకొచ్చిన మనిషి. పనివాళ్ళ ఇళ్ళల్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా కబురు రాకముందే కారు పంపిస్తాడు. అందుకే అతన్ని ఒక్క మాటతో మంచివాడనీ చెడ్డవాడనీ ఎవరూ తేల్చలేరు.

"వచ్చావా తల్లీ! బతికించావు. ఆవిడ రాయదుర్గం దాకా వచ్చేసిందట. కారు కదలకపోతే దిగి నడుస్తోందట. మొండిది."

"సార్, మీకొక సంగతి చెప్పాలి."

చెప్పింది. స్టోర్‌లో ఉన్న కొత్త డబ్బాల్లో ఎన్పీ కలిసిందని మాత్రమే చెప్పింది. ఎవరు కలిపారో చెప్పలేదు. సోమేశ్వరరావు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఓంకారేగా?"

"నేను పేరు చెప్పలేదు సార్."

"నువ్వు చెప్పాలటమ్మా?" ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. వెనక వరుసలో జూలై సరుకుంది. సమ్మెకు ముందుది. నువ్వు స్వయంగా పరీక్ష చేసి పాస్ చేసిన లాటే కదా? ఆవిడకు అది చూపిద్దాం. అబద్ధం ఏముంది చెప్పు? అదీ మన సరుకే. ఈ ముందువన్నీ రేపు వెనక్కి తీసుకుపోదాం, పారబోద్దాం. ఎవరికీ నష్టం లేదు."

ప్రవళిక నోరు తెరవబోయింది.

"లేదు, నిజమే చెప్పాలంటావా? అలాగే చెబుదాం. మొత్తం చెబుదాం. సమ్మెవాళ్ళు కలిపారని చెబుదాం. అప్పుడు నీ ఓంకారన్న గతి ఏమవుతుందో నువ్వే ఆలోచించుకో అమ్మాయ్."

అచ్చం ఓంకార్ చెప్పినట్టే అయింది. నోరు విప్పితే ఒకరి మెడకు ఉరి, మూసుకుంటే ఒక చెరువుకు. కాదు, ఇంకో దారి కూడా ఉందిగా, వెనక వరుస ఉందిగా, అని మనసులో ఎవరో మెత్తగా అన్నారు. జూలై లాట్ మంచిదే. తన బల్ల మీద తనే చూసింది. దాన్ని చూపించడంలో అబద్ధం ఎక్కడుంది? వెతికింది. దొరకలేదు. దొరకనందుకు ఊరట మాత్రం కలగలేదు.

పరీక్షకురాలు ప్రశాంతి నడుచుకుంటూనే వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. నలిగిన కాటన్ చీర, భుజాన గుడ్డసంచి, చెప్పులకు ఎర్రమట్టి. ఉద్యోగం బెంగళూరులో. "మాది రాయదుర్గమే. పుట్టి పెరిగిన ఊళ్ళో దారి అడుక్కుంటూ రావాల్సొచ్చింది" అని నవ్వి, సోమేశ్వరరావు పట్టుకొచ్చిన కొబ్బరిబొండాం వద్దని, "స్టోర్ ఎక్కడండీ?" అంది.

స్టోర్ బేస్‌మెంటులో ఉంది. కిందికి దిగుతుంటే జనరేటరు రొద గుండెల్లో కొట్టుకుంటున్నట్టే ఉంది. లోపల గోడ వారగా నీలం డబ్బాలు, ముందొక వరుస, వెనకొక వరుస. సోమేశ్వరరావు చొరవగా వెనక్కి నడిచాడు. "ఇలా రండి మేడమ్. ఇక్కడివి తీసుకోండి. ఇటు వెలుతురు బావుంది."

అప్పుడే కనకలక్ష్మి బకెట్‌తో లోపలికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. తడి కొంగుతో ఒక కన్ను ఒత్తుకుంటూ, ముందు వరుసలోని డబ్బా మూత మీద చెయ్యి వేసింది.

"అత్తా, ఆగు! ముట్టొద్దన్న గదా."

"ఏం చెయ్యాలె బిడ్డా, సూపర్‌వైజర్ ఒర్రుతుండు. ఎవరో పెద్ద మేడం వస్తున్నదంట, లాబీ తళతళ మెరవాల్నంట." కనకలక్ష్మికి ఆ పెద్ద మేడం పక్కనే ఉందని తెలియదు. "మీ ఎన్కటి సరుకే మంచిగుండె. గిదైతే చేతులు సుత మండుతున్నయ్."

ప్రవళిక గబగబా వెళ్ళి ఆ డబ్బాను అత్త చేతిలోంచి లాగేసుకుంది. ఆ క్షణంలో ఆమె ఏమీ లెక్కవేసుకోలేదు. వెనక వరుస మంచిదా చెడ్డదా అన్నది కాదు సంగతి. రేపు పారబోద్దామన్న సరుకుతో ఇవాళే ఇంకో అరగంటలో లాబీ తుడుస్తారు. ఆ నీళ్ళు కాలువలోకే పోతాయి. ఆ చెయ్యి తన మేనత్తది.

"మేడమ్, వెనకవి వద్దు. శాంపిల్ దీంట్లోంచి తీసుకోండి."

సోమేశ్వరరావు గిరుక్కున తిరిగాడు. ప్రశాంతి మాత్రం తాపీగా దగ్గరికొచ్చింది. "ఎందుకమ్మా?"

"దీంట్లో ఉండకూడనిది ఉంది. ఎన్పీ."

"ఎవరు కలిపారు?"

"మేడమ్, నేను చెబుతానండి, ఈ సమ్మె..." అంటూ సోమేశ్వరరావు ముందుకొచ్చాడు.

"కెమిస్టును నేను" ప్రవళిక మాట అడ్డంగా పడింది.  "నేను చూడందే ఒక్క డబ్బా కూడా ఫ్యాక్టరీ దాటకూడదు. దాటింది. ఎవరు కలిపారని అడిగితే నేను పేరు చెప్పను. తప్పు నాది. రాసుకోండి."

పొద్దుటినుంచి ఒకచోట నిలవని మనసు ఒక్కసారి నిలబడ్డట్టయింది. గుర్తు పోయింది. ఉద్యోగం పోయినట్టే. అయినా ఊపిరి నిండుగా ఆడింది.

ప్రశాంతి ఏమీ రాసుకోలేదు. ప్రవళిక ముఖంలోకే చూస్తోంది. "వెనక వరుస సంగతేమిటి?"

"అది జూలై లాట్. మంచిది మేడమ్. నేనే పరీక్ష చేశాను."

"నమ్మకమేనా?"

"నమ్మకమే."

"మాకొక అలవాటుంది" అంది ప్రశాంతి. "ఎవరికీ చెప్పకుండా బయట దుకాణంలో ఒక డబ్బా కొని చూస్తాం. మీ జూలై లాట్ డబ్బానే ఒకటి ఆగస్టులో అమీర్‌పేటలో కొన్నాం. ఇప్పుడు నువ్వు చెప్పిన ఎన్పీ దాంట్లోనూ ఉంది, బాగా ఉంది. మీరు ల్యాబుకు పంపిన జూలై శాంపిల్‌లో మాత్రం లేదు. అది ఎలాగో తెలుసుకుందామనే ఇవాళ అంత దూరం నడిచి వచ్చాను."

ప్రవళికకు ముందు అర్థం కాలేదు. ఆగస్టులో సమ్మె లేదు. జూలైలో లారీలు తిరుగుతూనే ఉన్నాయి, బేస్ వస్తూనే ఉంది. ఓంకార్‌కు కలపాల్సిన అవసరమే లేదు. "అట్ల కాదు మేడమ్... ఆ వెనకున్నవి చూడండి, అదే లాట్, అవి మంచివే ఉంటాయి" అంది తడబడుతూ.

"మంచివే ఉంటాయనే నా అనుమానం కూడా" అంది ప్రశాంతి.

కనకలక్ష్మి కొంగు కంటిమీంచి తీసింది. "గా ఎనకవా? గవి జూలైల రాలే బిడ్డా. నిన్న మాపటి యాళ్ళ దించిన్రు. నేనే గోడకు పేర్చిన. గీ సారే సొంత కార్ల ఏస్కొచ్చిండు."

 ప్రవళిక నెమ్మదిగా సోమేశ్వరరావు వైపు తిరిగింది. కంగారు పడతాడనుకుంది, కాదని అరుస్తాడనుకుంది. ఆయన ముఖంలో కనీసం ఆశ్చర్యం కూడా లేదు. తన బల్ల మీదికి వచ్చిన నమూనాలన్నీ సార్ స్వయంగా పంపినవేనని, తాను మంచిదని చెప్పిన ప్రతిసారీ బయట దుకాణాలకు వెళ్ళింది మాత్రం వేరే సరుకని, ఒక్కొక్కటే ఆమెకు తట్టసాగాయి.

"సార్, మీకు ముందే తెలుసా?"

సోమేశ్వరరావు ప్రశాంతి వైపు తిరిగి, ఎంతో బాధపడుతున్నవాడిలా రెండు చేతులూ జోడించాడు.

"ఏం చెప్పమంటారండీ మేడమ్? ఏ డబ్బాలో ఏముంటుందో నాకేం తెలుస్తుంది, నేను చదువుకున్నవాణ్ణా? సొంత కూతురిలా చూసుకున్నాను, ఫ్యాక్టరీ తాళాలు చేతిలో పెట్టాను. తప్పు తనదేనని మీ ఎదటే ఒప్పుకుంది కదండీ. ఆ మాట రాసుకోండి. అవసరమైతే పోలీసుల ముందు నేను సాక్ష్యం చెబుతాను."